మా అత్త సిగ్గు

పోయిన ఎండాకాలంలో మా అత్త చనిపోయినప్పుడు చూడవచ్చిన వాళ్ళందరూ నాతో ఒకటే మాట అన్నారు. "ఓర్పు గల మనిషమ్మా మీ అత్త. ఆ కూతుర్ని పెట్టుకుని ఎన్ని బాధలు పడిందో." నేను తల ఊపుతూ కూర్చున్నాను. ఓర్పు అనే మాట విన్నప్పుడల్లా నాకు ఎక్కడో గుచ్చుకునేది. ఆమెలో నేను చూసింది ఓర్పు కాదు, సిగ్గు. పాతికేళ్ళకు పైగా చూశాను. అంత సిగ్గును మోసుకుంటూ కూడా ఒక మనిషి ఎన్ని పనులు చేయగలదో ఆమె చూపించింది. చూపిస్తోందని ఆమె బతికుండగా నేను గ్రహించలేదు.

మాది సూళ్ళూరుపేటలో వలల అంగడి. వలలు, తాళ్ళు, సీసపు గుండ్లు అమ్ముతాం. అత్తవాళ్ళది పులికాట్ ఒడ్డున చిన్న ఊరు. మా మామ పడవ మీద పోయి రొయ్యలు పట్టేవాడు. ఆయన చాలా ముందే పోయాడు. అత్త ఆ ఊళ్ళోనే ఉండిపోయింది.

పొట్టి మనిషి. వీధి నడుమ నడిచేది కాదు, ఎప్పుడూ గోడల వారగానే. కొంగు భుజం మీదుగా ముందుకు లాక్కుని గుప్పిట్లో పట్టుకునేది. నవ్వొస్తే ఆ కొంగే నోటికి అడ్డం. బస్సులో ముందు సీట్లన్నీ ఖాళీగా ఉన్నా పోయి చిట్టచివరి సీట్లో కూర్చునేది. ఎందుకత్తా అంటే "చూస్తారు" అనేది. ఎవరు చూస్తారో, చూస్తే ఏమవుతుందో చెప్పేది కాదు. పెళ్ళికి ఎందుకు రాలేదంటే "చూస్తారు". పగలంతా వదిలిపెట్టి పొద్దువాలినాక నీళ్ళకు పోవడమెందుకంటే "చూస్తారు". ఎదుటి మనిషి ఏదన్నా గట్టిగా అంటే మాత్రం "సరేలేమ్మా" అని వదిలేసేది. ఈ రెండు మాటలతోనే ఆమె సగం జీవితం గడిచిపోయింది.

నాకు పెళ్ళిచూపులు అల్లూరు దగ్గర మా పుట్టింట్లో జరిగాయి. అబ్బాయి తరఫువాళ్ళు ఒక్కడే కొడుకన్నారు. అది నిజమే. కూతుళ్ళున్నారా అని మావాళ్ళు అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. పెళ్ళయి అత్తగారింటికి వచ్చిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం అందరూ పడుకున్నారు. పెరట్లో వలలు దాచే పాకలోంచి సన్నగా కూనిరాగం వినిపించింది. పోయి చూశాను. నాకంటే పెద్దామె ఒకామె నేలమీద కూర్చుని వలదారం ముక్కను వేళ్ళ సందుల్లోంచి లాగుతూ, ముందుకీ వెనక్కీ ఊగుతా ఉంది. నా మొహం వైపు చూడలేదు. నా చేతుల వైపు చూసింది.

"కొత్త గాజులు," అనింది.

ఈలోపల తడి చేతులతో అత్త పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మా పెద్దది," అనింది. "మీ ఆయనకు అక్క. అదట్టే పుట్టింది. పెళ్ళి అయ్యేదాకా చిట్టమూరులో మా చెల్లెలింట్లో పెట్టినాం. నిన్ననే పిలుచుకొచ్చినాం." కొంచెం ఆగి, "నీకు చెప్పలా. చెప్పుంటే మీవాళ్ళు పిల్లనిచ్చుండరు," అనింది.

అంత వయసు మనిషి, అప్పుడప్పుడే పెళ్ళయివచ్చిన నా ముందు తల దించుకుని నిలబడింది. తల ఎత్తుతుందేమోనని చూశాను, ఎత్తలేదు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. మోసం చేశారని ఆ సాయంత్రం మా ఆయనతో అంటే ఆయన నేలచూపులు చూశాడు. అదంతా న్యాయమే. కానీ ఆ కోపం వెనకాల ఇంకొకటి కూడా ఉంది. ఈ ఇంట్లో ఇక నాకు ఎదురు చెప్పేవాళ్ళు లేరని నాకు ఆ పాక గుమ్మంలోనే అర్థమైంది.

ఆమె సిగ్గును నేను వాడుకున్నాను. సూళ్ళూరుపేటలో వేరే కాపురం పెడతామన్నప్పుడు, నా మాట పూర్తి కాకముందే "సరేలేమ్మా" అనింది. పండక్కి తెచ్చిన చీర చూసి మొహం చిట్లిస్తే తను కట్టకుండా దాచుకున్న చీర తెచ్చి నా చేతిలో పెట్టింది. మా ఆయన ఒకసారి నా మీద గొంతు పెంచితే "నోరు మూసుకోరా, మనం చేసింది చాలు" అని అణిచేసింది. నా మంచితనం వల్ల దక్కిన మర్యాద అన్నట్టు మావాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకునేదాన్ని.

పాకలో కనిపించిన ఆమె వరసకు నాకు వదిన. ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఆ మాట చాలా ఏళ్ళు నా నోట రాలేదు. మా ఆయనతో అయితే "మీ అక్క" అనేదాన్ని. అత్తతో అయితే "మీ అమ్మాయి". ఎదురుగా ఉంటే అసలు పిలిచేదాన్నే కాదు. అత్త మాత్రం "అమ్మణ్ణి" అని పిలిచేది. అమ్మణ్ణికి అన్నం కలిపిపెట్టేది, తల దువ్వేది, చెప్పులు తొడిగేది. బయటికి ఎక్కడికి పోవాల్సి వచ్చినా ఎడమచేత్తో కొంగు, కుడిచేత్తో కూతురి మణికట్టు. ఎంత గట్టిగా పట్టుకునేదంటే ఇంటికొచ్చేసరికి వదిన చేతిమీద వేళ్ళ గుర్తులుండేవి.

వదినకు ముప్పయ్యయిదు దాటినాక గానీ ఆమెకున్నది ఏమిటో మాకెవరికీ తెలియదు. సూళ్ళూరుపేటలో వైద్య శిబిరం పెడితే అత్త మోకాళ్ళు చూపించుకుందామని వచ్చింది. ఇంట్లో వదిలి రాలేక కూతుర్ని కూడా పట్టుకొచ్చింది. డాక్టరు మోకాళ్ళు చూసి మందు రాసి, తర్వాత చాలాసేపు వదిన గురించి అడిగాడంట. అక్కణ్ణుంచి నేరుగా మా అంగడికి వచ్చింది. అంత వేగంగా ఆమె నడవడం నేనెప్పుడూ చూడలేదు.

"దానికి ఒక పేరుందంటమ్మా," అనింది. "ఆటిజం." దారి పొడుగునా అనుకుంటూ వచ్చినట్టుంది, తడబడకుండా పలికింది. "గ్రహణం రోజు నేను కత్తిపీట ముందర కూర్చున్నందుకు కాదంట. మా అత్త పోయేదాకా ఆ మాటే అనింది నన్ను. అందుకు కాదంట. డాక్టర్ని రెండుసార్లు అడిగినా. కాదన్నాడు."

ఇంటికొచ్చిన కోడలిగా ఆమెను ఆమె అత్త ఏమేమి అనిందో నాకు అప్పుడే తెలిసింది. నేను లెక్క చూసుకుంటూ "అట్టనా" అన్నాను. ఇంకొక మాట అనుండొచ్చు.

ఆ డాక్టరే సూళ్ళూరుపేటలోనే ఒక చోటు గురించి చెప్పాడు. ఇట్టాంటి పెద్దవాళ్ళకు పగటిపూట వంట, బజారు పని, బస్సెక్కడం లాంటివి నేర్పే చిన్న కేంద్రం. నడిపేది ఒక టీచరమ్మ. అత్త భయపడుతూనే తీసుకుపోయింది. మొదటిరోజు సంగతి ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో. టీచరమ్మ "మీ పేరేంటి" అని వదినను అడిగిందంట. అత్త చెప్పబోతే, "మిమ్మల్ని కాదమ్మా, ఆమెను అడిగినా" అనిందంట. తర్వాత ఏమీ మాట్లాడకుండా కూర్చుందంట. అత్తకు ముళ్ళ మీద కూర్చున్నట్టయింది. చాలాసేపటికి వదిన ఇంటిపేరుతో సహా పేరు చెప్పి, "నీళ్ళు కావాలి" అనింది.

"దానికి దప్పికైతే అడుగుతుందని నాకు తెలీదమ్మా," అనేది అత్త ప్రతిసారీ అక్కడికి వచ్చేసరికి. "నేను ముందే ఇచ్చేస్తా గదా. దాన్ని అడగనిచ్చిందెప్పుడు?"

ఇంకోరోజు టీచరమ్మ "మీ తర్వాత ఎట్టమ్మా?" అని అడిగింది. "నాకంటే ముందు దాన్ని తీసుకుపొమ్మని దేవుడికి మొక్కుకుంటా ఉండా," అనిందంట అత్త. టీచరమ్మ లేచి లోపలికి పోయి కాసేపటికి వచ్చింది. కళ్ళు కడుక్కుని వచ్చినట్టుందంట. "ఆ మొక్కు ఆపేయండి. ముందు ఆమె చెయ్యి వదలండి," అనింది.

చెయ్యి వదలడం అత్తకు ఎంత కష్టమైందో నేను కళ్ళారా చూశాను. బజార్లో పక్కపక్కనే నడుస్తుంటే ఆమె కుడిచెయ్యి దానంతటదే కూతురి వైపు పోయేది. గుర్తొచ్చి వెనక్కి తీసుకునేది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుముకు దోపుకునేది, మళ్ళీ తీసేది. బస్సు నేర్పడానికి ముందు పక్క సీట్లో, తర్వాత రెండు సీట్ల వెనక, తర్వాత తన చివరి సీట్లో కూర్చుంటూ వచ్చింది. ఆఖరికి ఒకరోజు కూతుర్ని ఎక్కించి తను ఊళ్ళోనే ఉండిపోయింది. బస్సు కదులుతుంటే చూడలేక మొహం పక్కకు తిప్పుకుందని ఆ ఊరి పాలామె చెప్పింది. వదిన సూళ్ళూరుపేటలో దిగి, నడిచి కేంద్రానికి పోయింది. అట్టా కొన్ని నెలలు బాగా జరిగింది.

ఒక ఉదయం అత్త మా అంగడికి వచ్చి తాళ్ళ చుట్టమీద కూర్చుంది. మంచినీళ్ళడిగి తాగింది. మా అమ్మాయి చదువు గురించి అడిగింది. బేరాలు ఎట్టున్నాయనింది. నేను వచ్చినవాళ్ళకు వల కొలిచి ఇస్తూ జవాబులు చెబుతున్నాను. వాళ్ళు కాస్త పక్కకు పోయినాక, గొంతు తగ్గించి, "అమ్మణ్ణి సెంటర్‌కు పోలేదంట. యాడా కనపడలా," అనింది.

"ఇంతసేపూ చెప్పకుండా ఏం చేస్తా ఉండావత్తా?"

"నువ్వు తిడతావని."

తిట్టాను కూడా. ఇందుకే వద్దన్నానని, ముసలితనంలో ఈ పంతాలు ఎందుకని, రేపు ఏదన్నా అయితే పేరు మాకొస్తుందని, కొనేవాళ్ళు వింటున్నారని తెలిసే అన్నాను. ఆమె తాళ్ళ చుట్టమీద ఇంకా చిన్నదైపోయింది. మా ఆయన బండి తీసుకుని బస్టాండు, రైలు స్టేషను అన్నీ తిరిగాడు. టీచరమ్మ ఇంకోవైపు పోయింది.

మధ్యాహ్నం దాటుతుండగా వదిన భుజాన సంచి తగిలించుకుని, ఏదో నములుతూ, నెమ్మదిగా అంగడి మెట్లెక్కింది.

"నిద్రపోయినా," అనింది. "నాయుడుపేట వచ్చింది. దిగినా. సూళ్ళూరుపేట బస్సు ఏదని అడిగినా. ఎక్కినా."

"ఎవర్నడిగినావే?" అనింది అత్త.

"పల్లీలమ్మే ఆమెను."

"భయమేసిందా?"

వదిన కాసేపు ఆలోచించింది. "ఆకలేసింది," అనింది. గుప్పిట విప్పి మిగిలిన పల్లీలు చూపించింది.

అత్త నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి, పళ్ళు కనిపించేట్టు నవ్వింది. తర్వాత ఏడ్చింది. మా ఆయన వచ్చి, ఇక చాలు, రేపటినుంచి పంపొద్దని గట్టిగా చెప్పాడు. సరేలే అంటుందనుకున్నాను.

"నువ్వు చిన్నప్పుడు తిరణాళ్ళలో తప్పిపోయినావు గదరా," అనింది. "అప్పుడు నిన్ను ఇంట్లో పెట్టి తాళమేసినానా?"

మరుసటి రోజు పొద్దున అదే బస్సుకు కూతుర్ని ఎక్కించింది. కొన్నాళ్ళకు వదిన ఆ కేంద్రం ద్వారానే ఒక హాస్టల్ వంటింట్లో చపాతీలు ఒత్తే పనికి కుదిరింది. గుండ్రంగా వచ్చేవి కావు. హాస్టల్ పిల్లలు ఆకారాలకు పేర్లు పెట్టుకుంటూ తినేవాళ్ళంట.

ఇదంతా జరిగాక అత్తకు సిగ్గు పోయిందనుకుంటే పొరపాటు. గోడ వారగా నడవడం ఆమె ఎన్నడూ మానలేదు. అల్లూరులో మా పిన్నమ్మ కొడుకు పెళ్ళికి "నువ్వు రా అత్తా" అని పిలిచాను. "నువ్వు" అనే మాటను కావాలనే నొక్కాను. ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. భోజనాల వేళకు పక్కనే బ్యాండువాళ్ళు మొదలుపెట్టారు. వదిన రెండు చేతులతో చెవులు మూసుకుని, ఆకు ముందు ముడుచుకుపోయి, గట్టిగా కూనిరాగం తీయసాగింది. జనం తలలు తిప్పారు. ఎవరో "బయటికి తీసుకుపోండమ్మా" అన్నారు.

అత్త లేచింది. కూతుర్ని లేపుతుందనుకున్నాను. బ్యాండు వాళ్ళ దగ్గరికి పోయింది. "నాయనా, మా అమ్మాయి తినేదాకా కొంచెం ఆపండి," అనింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. డప్పు పెద్దాయన ఆమె మొహం చూసి, "దానికేముందమ్మా" అని కర్రలు కింద పెట్టాడు. పందిరంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. అందరూ చూశారు. ఎట్టా చూస్తారని ఆమె ఇన్నేళ్ళూ భయపడుతూ వచ్చిందో అట్టనే చూశారు. అత్త వచ్చి తల దించుకుని కూతురి పక్కన కూర్చుంది. వదిన చెవుల మీదనుంచి చేతులు తీసి, నిమ్మళంగా తిని, పాయసం రెండోసారి అడిగి పోయించుకుంది.

నేను ఎదురు వరసలో ఉన్నాను. మా పుట్టింటివాళ్ళ మధ్యన కూర్చుని, ఆ ఇద్దరూ ఎవరో నాకు తెలియనట్టు ఆకులోకి చూస్తూ తిన్నాను.

అంతకంటే పెద్ద తప్పు రెండేళ్ళ కిందట చేశాను. మా అమ్మాయికి గూడూరు నుంచి సంబంధం వచ్చింది. ఆదివారం చూడ్డానికి వస్తామన్నారు. ఆదివారాలు వదినకు పనికి సెలవు. బస్సెక్కి మా ఇంటికి భోజనానికి వచ్చేది. నేను అత్తకు ఫోన్ చేసి, ఈ వారం ఆమెను పంపొద్దని చెప్పాను.

"నేను చెప్పనమ్మా," అనింది అత్త. "దానికి ఫోనుండాది. చెప్పాలనుకుంటే నువ్వే చెప్పు."

వదినకు చేశాను.

"ఈ ఆదివారం రావద్దు."

"ఆదివారం వస్తా గదా."

"ఈ ఒక్కవారం వద్దు. చుట్టాలొస్తా ఉండారు."

"నేనూ చుట్టాన్నే గదా," అనింది వదిన. ఎత్తిపొడుపు కాదు. ఆమెకు ఎత్తిపొడవడం రాదు. ఉన్నమాట చెప్పింది. నేను ఫోన్ పెట్టేశాను.

ఆదివారం గూడూరువాళ్ళు వచ్చి కూర్చున్నాక, ఎప్పుడూ వచ్చే వేళకే వదిన వచ్చింది. వెనకే అత్త, పట్టుచీరలో. వదిన చెప్పులు విడిచి, నేరుగా వచ్చి పెళ్ళికొడుకు తల్లి పక్కన కూర్చుని, ఆమె చీర అంచును వేళ్ళతో తడిమి చూసింది. ఆమె ఇబ్బందిగా జరిగి, "ఈమె ఎవరండీ?" అని నన్నడిగింది.

"మా ఆయన వాళ్ళ ఊరామె," అన్నాను.

ఎట్టా అన్నానో నాకు తెలియదు. నోరు తెరిచేసరికి ఆ మాట సిద్ధంగా ఉంది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. మా అమ్మాయి మాత్రం నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అత్త వదిన పక్కన నేలమీద కూర్చుంది. "నా కూతురమ్మా," అనింది ఆ గూడూరామెతో. "మీకు వియ్యంకుడు కాబోయే ఆయనకు తోడబుట్టింది. దానికి ఆటిజం అని ఒకటుండాది. పని చేసుకుంటాది, ఒంటరిగా బస్సెక్కి వస్తాది పోతాది. శబ్దం ఎక్కువైతే ఓర్చుకోలేదు. పెళ్ళంటూ అయితే ఇది ముందు వరసలో ఉంటాది. మీకు ముందే తెలియాల." కొంగును గుప్పిట్లో ముద్దగా పట్టుకుంది. "దాచిపెట్టి పెళ్ళి చేసే పని ఒకసారి చేసినా. ఈ తల్లికే చేసినా," అని నన్ను చూపించింది. "ఈమె ఈరోజుకీ నన్ను మన్నించలా. ఇంకోసారి నా చేత కాదు."

గూడూరువాళ్ళు మర్యాదస్థులు. కాఫీ తాగారు, పిల్ల చదువు గురించి మాట్లాడారు, ఫోన్ చేస్తామని లేచారు. చేయలేదు. మా అమ్మాయి "మంచిదే అయింది లేమ్మా" అని, మేనత్తను పిలుచుకుని అన్నానికి కూర్చుంది. నేను వంటింట్లోనే ఉండిపోయాను.

ఆ రోజు నుంచి అత్తతో మాట్లాడ్డం మానేశాను. ఫోన్ వస్తే మా ఆయనకు ఇచ్చేదాన్ని. మొదట్లో అది కోపమే. తర్వాత తర్వాత కోపం ఎక్కడో కరిగిపోయింది. మాట్లాడాలంటే మొహం చెల్లలేదు. ఆమె పాతికేళ్ళు నా ముందు తల ఎత్తలేక ఎట్టా నిలబడిందో, అది నాకు అప్పుడు తెలియడం మొదలైంది. తెలిసినా ఫోన్ ఎత్తలేదు.

పోయిన ఎండాకాలంలో ఆమెకు గుండె నొప్పి వచ్చింది. నెల్లూరు ఆసుపత్రిలో పెట్టారు. నేను దగ్గరుండి చూసుకున్నాను. మొహం తుడిచాను, దుప్పటి సర్దాను, మందులు మింగించాను. అనాల్సిన మాట గొంతుదాకా వచ్చేది. ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు, లేదంటే వస్తారని నేనే అనుకునేదాన్ని. "కాఫీ తాగుతావా అత్తా?" అనేదాన్ని. "సరేలేమ్మా," అనేది. అట్టా మాట్లాడుకుంటూనే ఉండగా ఆమె వెళ్ళిపోయింది.

శవాన్ని ఊరికి తెచ్చాక పెద్దవాళ్ళు వదినను పక్కింట్లో కూర్చోబెట్టమన్నారు. దానికేం తెలుస్తుంది, గోల చేస్తుందన్నారు. తీసుకుపోయింది నేనే. నేను వాకిట్లోకి తిరిగి వచ్చేసరికి ఆమె కూడా నా వెనకే వచ్చేసింది. జనాన్ని తోసుకుంటూ పోయి తల్లి కాళ్ళ దగ్గర నిలబడి, "అమ్మ చచ్చిపోయింది," అనింది. కూర్చుని, తల్లి కాళ్ళు తాకి, మెల్లగా కూనిరాగం మొదలుపెట్టింది. శవం లేచేదాకా ఆపలేదు. ఆపమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ వాకిట్లో ఆమె ఒక్కతే చేయాల్సింది చేసింది.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక వదినను ఏం చేయాలనే మాట వచ్చింది. మా ఆయన చిన్నాయన మద్రాసులో ఏదో ఆశ్రమం ఉందని, అక్కడ చేర్పించేద్దామని అన్నాడు. ఎవరో మా ఇంట్లో పెట్టుకోమన్నారు. మా ఆయన నా మొహం చూశాడు. నేను ఇల్లు చిన్నదన్నాను. వదిన గుమ్మం పక్కనే కూర్చుని వింటూనే ఉంది. ఆమె ముందే, ఆమె లేనట్టే మాట్లాడుకున్నాం.

టీచరమ్మ కూడా వచ్చింది ఆరోజు. అందరూ చెప్పడం అయ్యాక నోరు విప్పింది. "మీ అమ్మగారు పోయినేడాది నుంచి నాతో మాట్లాడతా ఉండారు. మా సెంటర్‌లో ముగ్గురు ఆడవాళ్ళు కలిసి ఉండేట్టు సూళ్ళూరుపేటలో ఒక ఇల్లు చూసినాం. తోడుగా ఒకామె ఉంటుంది. వంట, ఇంటి పని ముగ్గురూ వంతులు వేసుకుంటారు. మీ అమ్మగారూ మీ అక్కా వచ్చి ఇల్లు చూసుకున్నారు."

"మాకొక మాట చెప్పలేదే?" అన్నాడు మా ఆయన.

"మీరు ఒప్పుకోరని భయపడినారు. చెప్పడానికి సిగ్గుపడినారు."

చిన్నాయన ఒప్పుకోలేదు. "తమ్ముడు బతికుండగా అక్కను అద్దింట్లో పెడితే ఊరేమనుకుంటుంది?"

"ఆమె ఇక్కడే ఉండాది గదా పెద్దాయనా. ఆమెనే అడగండి," అనింది టీచరమ్మ.

ఎవరూ అడగలేదు. ఎట్టా అడగాలో మాకు తెలియలేదు. టీచరమ్మే గుమ్మం దగ్గరికి పోయి కింద కూర్చుని అడిగింది. తర్వాత ఊరుకుంది. చాలాసేపు గడిచింది. చిన్నాయన ఏదో అనబోతే టీచరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"బుధవారం బట్టలు ఉతుక్కోవాల," అనింది వదిన. "గురువారం పోతా. కిటికీ పక్క మంచం నాది."

గురువారమే పోయింది.

ఆ ఇల్లు మా అంగడికి రెండు వీధుల అవతల. నేను వెంటనే పోలేదు. మా ఆయన పోయివచ్చి బాగుందన్నాడు, మా అమ్మాయి పోయివచ్చి బాగుందనింది. పని ఒత్తిడి అని నాకు నేను చెప్పుకున్నాను. మొన్నీమధ్య ఒక సాయంత్రం రొయ్యల కూర చేసి, గిన్నెలో పెట్టుకుని పోయాను. తలుపు తీసింది వదినే.

"వదినా," అన్నాను. పిలిచినందుకు ఆమె ఆశ్చర్యపోలేదు. లోపలికి రమ్మనలేదు గానీ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

అందరం కలిసి తిన్నాం. వంట మనిషిలా కాకుండా వాళ్ళలో ఒకరిలా ఆ తోడున్నామె కూడా కూర్చుంది. మిగతా ఇద్దరిలో ఒకామె నన్ను ఏ ఊరని అడిగింది. కూర బాగుందన్నారు, ఉప్పు తగ్గిందన్నారు. తినడం అయ్యాక వాళ్ళు లేచి టీవీ దగ్గరికి పోయారు. వదినా నేనూ మిగిలాం. ఆమె బల్లమీద పడిన మెతుకులు వేలితో ఒకచోటికి చేరుస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"అమ్మ మీద నీ కోపం పోయిందా?"

ఇన్నేళ్ళూ ఆమెకు ఏమీ పట్టదనుకున్నాను. నేను మాట్లాడని ఆ నెలలన్నీ ఆ తల్లితో ఒకే ఇంట్లో ఉన్నది ఆమే. మోగి మోగి ఆగిపోయిన ఫోన్లన్నీ విన్నది ఆమే.

"పోయింది వదినా. ఎప్పుడో పోయింది."

"అమ్మకు చెప్పలా నువ్వు," అనింది.

తప్పుపట్టినట్టు అనలేదు. నేను జవాబు చెబుతానేమోనని ఆగింది. టీచరమ్మ ఆగినట్టే, తొందర లేకుండా, చాలాసేపు ఆగింది. తర్వాత లేచి, కంచాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. కనీసం తోముదామని నేను చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"ఈరోజు వంతు నాది," అని తొట్టి దగ్గరికి పోయి కొళాయి తిప్పింది.